జుర్మానా రశీదే హక్కు పత్రం

ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, ఏ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకైనా అర్జీలు తీసుకునే రోజున వెళ్లి వరండాలో కాసేపు కూర్చోండి. వచ్చినవాళ్లలో చాలామంది చేతిలో ఒక పాలిథిన్ కవరు ఉంటుంది. వానకు తడవకుండా, చెద పట్టకుండా ఇంటి వాసానికి వేలాడదీసి దాచుకున్న కవరు అది. అందులో పాత శిస్తు రశీదులుంటాయి. పహాణీ (సాగు రికార్డు) నకలు, రేషన్ కార్డు జిరాక్సు, ఎన్నడో పెట్టుకున్న అర్జీ ఉంటాయి. వాటి మధ్య మడతలు పడి, అంచులు అరిగిపోయిన చిన్న చీటీ ఒకటి కొందరి దగ్గర కనిపిస్తుంది. పోడు కొట్టినందుకు, అంటే అడవి నరికి సాగు చేసినందుకు, ఫారెస్టువాళ్లు వేసిన జుర్మానా (జరిమానా) తాలూకు రశీదు అది.

ఆ చీటీని అంత భద్రంగా ఎందుకు దాచుకుంటారు? 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉన్నట్టు రుజువు చూపించాలి. తరతరాలుగా అడవిలో బతికినవాడికి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? చాలామందికి ఆ జుర్మానా రశీదే పనికొచ్చింది. "ఫలానా సంవత్సరం ఫలానా చోట నువ్వు నేరం చేశావు" అని సర్కారు రాసిచ్చిన కాగితమే, "ఆ సంవత్సరం నువ్వు అక్కడే ఉన్నావు" అనడానికి సాక్ష్యమైంది.

శాంతి, మానవ హక్కులు, సుస్థిర అభివృద్ధి అనే మూడు పెద్ద మాటల మధ్య సంబంధం గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆ చీటీయే.

ఈ మూడు మాటలూ ఐక్యరాజ్యసమితిలో ఒక్కసారిగా కలవలేదు. 1948 డిసెంబరు 10న మానవ హక్కుల ప్రకటన వచ్చింది. 1986 డిసెంబరు 4న అభివృద్ధి కూడా ఒక హక్కేనని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. వ్యతిరేకంగా ఓటేసిన దేశం ఒక్కటే, అమెరికా. మరుసటి ఏడాది బ్రంట్‌లాండ్ కమిషన్ సుస్థిర అభివృద్ధికి అర్థం చెప్పింది: రేపటివాళ్ల అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. 2005లో అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మూడింటినీ ఒక ముడి వేశారు. భద్రత లేనిదే అభివృద్ధి లేదు, అభివృద్ధి లేనిదే భద్రత లేదు, మానవ హక్కులకు గౌరవం లేకపోతే ఆ రెండూ నిలవవు అన్నది ఆయన మాటల సారం. 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో 16వది శాంతి, న్యాయం గురించే.

బాగానే ఉంది. కానీ కింద, మండలాఫీసు స్థాయిలో, ఈ మూడూ ఎప్పుడూ ఒక క్యూలో నిలబడి కనిపిస్తాయి. అధికారి అంటాడు: ముందు శాంతిభద్రతలు చక్కబడనివ్వండి, తర్వాత రోడ్లు, బళ్లు వస్తాయి, హక్కుల సంగతి నిదానంగా చూద్దాం. అడవిలో తుపాకీ పట్టినవాడిదీ ఒక క్యూయే. ముందు రాజ్యాధికారం రావాలి, మిగతావన్నీ తర్వాత. ఇద్దరి వరసలోనూ హక్కులది చివరి నంబరే కావడం విచిత్రం.

క్యూ లెక్క తప్పని చెప్పడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు. ఆదిలాబాద్ చరిత్ర ఒక్కటి చాలు.

నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేస్తూ పోయేకొద్దీ గోండులు, కొలాములు తాము దున్నుకునే నేలమీదే నేరస్థులయ్యారు. పశువులు మేస్తే పన్ను, చెట్టు కొడితే జుర్మానా. మైదానం నుంచి వచ్చి పట్టా రాయించుకున్నవాడు యజమాని అయ్యాడు, అడవి నరికి చేను చేసినవాడు ఆక్రమణదారు అయ్యాడు. కుమురం భీం అడిగింది పన్నెండు గూడేల మీద తమ హక్కు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఆయన, ఆయన అనుచరులు చనిపోయారు. తుపాకులు గెలిచాయి కాబట్టి ప్రశాంతత వచ్చినట్టే అనుకుని సర్కారు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అసలు గోండులకు ఎందుకు కడుపు మండిందో తెలుసుకోవాలనుకుంది.

ఆ పని క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ చేతికి వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడు కనుక హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లొద్దన్నారు. ఆ ఆంక్షే లేకపోతే ఆయన మన అడవుల్లో అన్నేళ్లు ఉండేవాడు కాదేమో. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆయన చెప్పిన మందు చాలా మామూలుది. వీళ్లు దున్నుకుంటున్న భూమికి పట్టా ఇవ్వండి, వీళ్ల భాషలో బడి పెట్టండి, పటేల్, పట్వారీల చేతిలో నుంచి వీళ్లను తప్పించండి. మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు, గోండిలో వాచకాలు తయారుచేశారు. 1940ల చివరికి ఆదిలాబాద్ గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు దక్కాయి.

అంటే ఇక్కడ వరస తిరగబడింది. హక్కు ముందు వచ్చింది, దాని వెంట బడి వచ్చింది, ఆ రెండింటి వెనకాల శాంతి వచ్చింది. హైమండార్ఫ్ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఊరివాళ్లు వాళ్లను తమ పెద్దల్లో కలుపుకుని ఏటా తలుచుకుంటారు.

కథ అక్కడ ఆగితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. 1956 తర్వాత ఆదిలాబాద్‌కు రోడ్లు పడ్డాయి. నల్లరేగడి భూములు, పత్తి పండే నేల అని తెలిసి మైదానాల నుంచి, పక్క మహారాష్ట్ర నుంచి జనం వచ్చారు. రోడ్డు మంచిదే, పత్తి మంచిదే. కానీ ఆ రోడ్డు మీద మొదట వచ్చినవాడు వడ్డీ వ్యాపారి. విత్తనాలకు అప్పు, అప్పుకు బదులు రెండేళ్ల కౌలు, రెండేళ్లు పదేళ్లయి, పదేళ్లకు పహాణీలో పేరే మారిపోయేది. 1970లలో హైమండార్ఫ్ తిరిగొచ్చి చూసేసరికి తన హయాంలో పట్టాలైన భూములు చాలా చోట్ల పరాయివాళ్ల చేతుల్లో ఉన్నాయి. మనిషి కుమిలిపోయాడు.

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. డిమాండ్లు కొత్తవేమీ కావు: పోడు భూములకు పట్టాలివ్వాలి, పంటకు సరైన ధర ఇవ్వాలి. సభకు అనుమతి లేదన్న సంగతి నడిచి వస్తున్న గూడేలకు చేరనే లేదు. సంత కోసం వచ్చినవాళ్లు, సభ కోసం వచ్చినవాళ్లు కలిసిపోయి ఉన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినవాళ్లు దానికి ఎన్నో రెట్లని ఆదివాసీ సంఘాలు ఇప్పటికీ అంటాయి. తర్వాత కట్టిన స్తూపాన్ని పేల్చేస్తే మళ్లీ కట్టారు. ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ నిషేధాజ్ఞలే. చనిపోయినవాళ్లకు ఒక దండ వేయడానికి కూడా టెన్షన్.

తూటా తర్వాత పట్టా వచ్చింది. పట్టా జారిపోయాక మళ్లీ తూటా వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో అభివృద్ధి జరగలేదా అంటే జరిగింది, ఆ లెక్కలు ఏ గెజిటీర్‌లోనైనా కనిపిస్తాయి. జరిగిన అభివృద్ధి ఎవరి భూమి మీద, ఎవరి పేరున అన్నదే తేడా.

మరి చట్టం లేదా? ఉంది. ఇంద్రవెల్లి నాటికే ఉంది. దేశంలోనే గట్టి చట్టాల్లో ఒకటని చెప్పుకునే 1/70, అంటే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్. దాని కథ కూడా రక్తంతోనే ముడిపడి ఉంది. 1879లో రంప తిరుగుబాటు, 1882లో మద్రాసు అటవీ చట్టం, 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం, 1922 నుంచి రెండేళ్లు అల్లూరి సీతారామరాజు పోరు. తర్వాత శ్రీకాకుళ గిరిజన పోరాటం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి మంట ఎంత దూరం పాకిందో తెలిసిందే. 1970 జులైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయేనాటికి కొండల్లో పోలీసు క్యాంపులు నిండిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1970 ఫిబ్రవరిలో, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరించి 1/70 తెచ్చారు.

ఆ సవరణలో పదును ఎక్కడుందో కాస్త వివరంగా చూడాలి. అంతకుముందు ఏజెంటు, అంటే కలెక్టరు, అనుమతి ఉంటే గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనవచ్చు. 1/70 తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ భూమైనా గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప అమ్మడానికి లేదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఇంకో మెలిక ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. మామూలుగా కోర్టులో రుజువు భారం అడిగేవాడి మీద ఉంటుంది. కాగితం లేనివాడి మీద ఆ భారం వేస్తే కేసు మొదలవకముందే ఓడిపోయినట్టు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఎవరో రాసిన చట్టం ఇది. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందని చెప్పింది.

మరి అంత గట్టి చట్టాన్ని ఎలా దాటేశారు? గోడ దూకలేదు, గేటులోంచే వెళ్లారు. జీతగాడి పేరున రిజిస్టరు చేయించి దున్నుకునేది తాను. తెల్లకాగితం మీద ఒప్పందం. గిరిజన అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆమె పేరున కొనడం. లేదంటే ఎప్పటికీ తీరని అప్పు కింద కౌలు. ఎవరైనా ధైర్యం చేసి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకు వెళ్తే, అక్కడ గెలిస్తే, ఎదుటివాడు ఏజెంటు దగ్గర అప్పీలుకు వెళ్తాడు, అక్కడి నుంచి హైకోర్టుకు. అప్పటికి తరం మారిపోతుంది. చివరికి స్వాధీనం చేయడానికి ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వస్తాడు. పంచనామా రాస్తారు, సంతకాలు తీసుకుంటారు, జీపు వెళ్లిపోతుంది. మర్నాడు పాత ఆసామి అరక కడతాడు. రికార్డులో మాత్రం భూమి గిరిజనుడికి అప్పగించినట్టే ఉంటుంది.

చట్టానికీ చేనుకూ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే తుపాకులు మొలిచాయన్నది నా అభిప్రాయం. హక్కే లేదంటే మనిషి సర్దుకుంటాడేమో గానీ, కాగితం మీద ఉన్న హక్కు చేతికి రాకపోతే సర్దుకోలేడు.

ఇక పర్యావరణం దగ్గరికి వద్దాం. ఇక్కడ విశాఖ మన్యం మంచి పాఠం. అనంతగిరి మండలం బొర్రా గుహలు చూడని తెలుగువాళ్లు తక్కువ. ఆ చుట్టుపక్కల కొండల్లో ఖనిజ తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. వాదన సూటిగా ఉంది: గిరిజనేతరుడికి భూమి బదిలీ కాకూడదన్నప్పుడు ప్రభుత్వం మాత్రం ఎలా ఇస్తుంది? 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో ఆ వాదన ఒప్పుకుంది. చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అని చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు మైనింగ్ లీజులు చెల్లవంది. గనులు నడిచే చోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలంది.

ఆ కేసు వేసినవాళ్లు అడిగింది భూమి హక్కు. దక్కింది మాత్రం అడవికి కూడా రక్షణ. తర్వాత బాక్సైట్ గొడవ వచ్చినప్పుడు ఇది ఇంకా బాగా అర్థమైంది. తీర్పు ప్రభుత్వ రంగ సంస్థలను తవ్వకుండా ఆపలేదు. అందుకని తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం వెళ్లేది ప్రైవేటు ఫ్యాక్టరీకి అనే ఏర్పాటు ఆలోచించారు. బాక్సైట్ కొండ స్పాంజి లాంటిది. వానాకాలం తాగిన నీటిని ఎండాకాలం ఊటలుగా, గెడ్డలుగా (వాగులుగా) వదులుతుంది. ఆ నెత్తి తీసేస్తే కింద ఊళ్ల గెడ్డలు ఎండుతాయని చింతపల్లి, అరకు జనాలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2015లో చింతపల్లి వైపు అటవీ భూమిని బాక్సైట్‌కు ఇస్తూ జీవో రాగానే మన్యం భగ్గుమంది. 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి. ఈ గొడవ సందులో మావోయిస్టులు కూడా దూరారు. బాక్సైట్ పేరు చెప్పి నాయకులను ఎత్తుకుపోయారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే.

అదే కొండల మీద ఇంకో కథ నడుస్తోంది, అది కాఫీ. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్క, ఆ చెట్టుకే పాకించిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటల విస్తీర్ణం రెండు లక్షల ఎకరాలు దాటింది. అంతా బంగారం అననుగానీ, పోడు కోసం ఏటా కొత్త చెట్లు నరికిన చేతులే ఇప్పుడు నీడ కోసం చెట్లు పెంచుతున్నాయి. ఎందుకు మారాయి? కాఫీ నాటిన మూడు నాలుగేళ్లకు గానీ కాపు చేతికి రాదు. రేపు ఫారెస్టువాళ్లు వచ్చి పీకేస్తారేమోనన్న భయం ఉంటే ఎవడైనా సామలో, చోళ్లో (రాగులో) చల్లుకుంటాడు, ఆ ఏడాదికి ఏది వస్తే అది. నాలుగేళ్ల పంట వేయాలంటే నాలుగేళ్లు ఈ నేల నాదే అన్న ధీమా ఉండాలి. సుస్థిర అభివృద్ధి అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఆ ధీమాయే. ధీమా, రోడ్డు, కొనేవాడు లేని లోపలి కొండల్లో ఏం పండిందో కూడా చెప్పుకోవాలి. గంజాయి పండింది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు.

రోడ్డు అన్నాను కాబట్టి ఒక మాట. నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించే ఫొటోలు అల్లూరి జిల్లా నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. రోడ్డెందుకు వేయరంటే అటవీ అనుమతి రాలేదంటారు. తమాషా ఏమిటంటే, ఆ అనుమతికి దగ్గరి దారి అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు లాంటి 13 రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే ఇవ్వవచ్చు. హక్కుల చట్టం అభివృద్ధికి అడ్డమని మాట్లాడేవాళ్లు ఆ సెక్షన్ చదివి ఉండరు.

శాంతి కోసం హక్కులను కాస్త పక్కన పెడితే తప్పేంటి అనేవాళ్లకు విశాఖ మన్యంలోని వాకపల్లి గుర్తు చేయాలి. 2007 ఆగస్టులో ఆ గూడెంలో 11 మంది కోదు తెగ మహిళలు, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ (నక్సలైట్ల వేటకు పెట్టిన ప్రత్యేక దళం) పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆరోపించారు. 2023లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆ గూడెం పిల్లలు రాజ్యం అంటే ఏమని నేర్చుకున్నారో ఊహించుకోవచ్చు. ఇటువైపు, ఇన్‌ఫార్మరన్న అనుమానంతో మావోయిస్టులు చంపినవాళ్లు కూడా ఎక్కువగా గిరిజనులే. వాళ్ల ఇళ్లల్లో ఆ కేసులకు కోర్టు తీర్పులు కూడా ఉండవు.

తెలుగు నేల మీద ఈ మూడు మాటలూ ఒకే బల్ల ముందు కూర్చున్న సందర్భం ఒకటి ఉంది. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో ప్రభుత్వం, నక్సలైట్ పార్టీలు మాట్లాడుకున్నాయి. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, అటువైపు అడవి నుంచి నేరుగా వచ్చిన మావోయిస్టు నాయకుడు రామకృష్ణ తదితరులు. వాళ్లను అక్కడిదాకా తెచ్చింది ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక. శంకరన్ గారి గురించి తెలియనివాళ్లకు: వెట్టిచాకిరీ నిర్మూలన కోసం ఊరూరా తిరిగిన ఐఏఎస్ అధికారి. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. తనను ఎత్తుకుపోయినవాళ్లతో పదేళ్ల తర్వాత శాంతి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. అలాంటి మనుషులు అరుదు.

ఆ చర్చల అజెండాలో కాల్పుల విరమణతో పాటు భూమి కూడా ఉంది. చర్చలు 2005 జనవరికల్లా కుప్పకూలాయి. ఎవరి తప్పెంత అన్నది వేరే గొడవ. కానీ భూమి విషయం చూడటానికి మంత్రి కోనేరు రంగారావు అధ్యక్షతన వేసిన కమిటీ తన పని తాను చేసుకుపోయి, 2006లో నూరుకు పైగా సిఫారసులతో నివేదిక ఇచ్చింది. ఏజెన్సీ భూములు, 1/70 కేసుల అమలు మీద అందులో ఉన్నన్ని ఆచరణ సాధ్యమైన మాటలు ఇంకెక్కడా చూడలేదు. శాంతి చర్చలు చచ్చిపోయి భూమి నివేదిక బతకడం, ఆ నివేదిక కూడా బీరువాలో బతకడం, మన దగ్గర ఈ మూడింటి సంబంధం ఎలా ఉంటుందో చెప్పకనే చెబుతుంది.

ఇప్పుడు అడవిలో తుపాకులు తగ్గాయి. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా ఎన్‌కౌంటర్‌తో ఒక దశ ముగిసిందనే అందరూ రాశారు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ ఎప్పుడో ఒక తేడా చెప్పాడు. కాల్పులు లేకపోవడం ఒక రకం శాంతి, కాల్పులకు కారణం లేకపోవడం ఇంకో రకం. మొదటిది 1940 జోడేఘాట్ తర్వాత కూడా వచ్చింది.

అయితే హక్కు ఇచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పి చేతులు దులుపుకోవడానికి లేదు. హక్కుకూ హక్కుకూ మధ్యే గొడవ వస్తే? 1976లో తెలంగాణ ప్రాంతపు లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చారు. మహారాష్ట్రలో వాళ్లకు ఆ గుర్తింపు లేదు. సరిహద్దు ఇవతల 1/70 కింద భూమి కొనే హక్కు, ఉద్యోగాల్లో వాటా దొరికాయి. 2017 చివర్లో ఆదిలాబాద్‌లో గోండులకూ లంబాడీలకూ మధ్య వచ్చిన ఘర్షణ వెనక ఈ చరిత్ర ఉంది. ఇద్దరూ పేదవాళ్లే, ఇద్దరి చేతిలోనూ రాజ్యాంగమే. 1/70 వల్ల సొంత ఇంటికి కూడా పట్టా లేని పేద గిరిజనేతరులూ ఏజెన్సీలో ఉన్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. అది చూపించి పెద్ద ఆసాములు చట్టమే తీసేయమనడం మాత్రం వేరే సంగతి.

పోలవరం దగ్గర ఈ చిక్కు ఇంకా ముదిరింది. డెల్టా రైతుకు నీళ్లు, విశాఖకు తాగునీరు, కరెంటు. ఇవన్నీ కావాల్సినవే. దానికోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, అందులో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాలనీ ఇల్లు కడతారు, భూమికి భూమి అంటారు. కానీ పరిహారం ఫారంలో ఇప్పపువ్వుకు గడి లేదు. చింతపండుకు, అడ్డాకుకు, తునికాకుకు, గోదాట్లో వల వేసుకునే మాటకు గడి లేదు. కొండరెడ్డి కుటుంబం ఏడాదిలో ఎన్ని నెలలు అడవి మీద బతుకుతుందో ఏ ఎన్యూమరేటరూ అడగడు. ఈ ప్రాజెక్టు వద్దని నేను అనలేను, మా ఇంట్లో తినే బియ్యం డెల్టావే. అందుకే అక్కడ మునిగే ఇంటి లెక్క తేలకుండా ఇక్కడ నీళ్ల లెక్క పూర్తయిందంటే నమ్మబుద్ధి కాదు.

చివరగా గుత్తికోయల సంగతి. ఈ మూడు దారాలూ ఒకే చోట చిక్కుపడింది వీళ్ల దగ్గరే. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం, అంటే మావోయిస్టుల మీదికి సర్కారు అండతో ఊరివాళ్లనే ఎగదోసిన దళం, మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. ఇటు జుడుం, అటు మావోయిస్టులు. నడుమ నలిగిన ఆ గుత్తికోయలు సరిహద్దు దాటి భద్రాచలం, కొత్తగూడెం, ములుగు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది గానీ, అప్పటికే వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ ఏం మిగిలిందని?

బతకాలంటే తిండి కావాలి, తిండికి చేను, చేనుకు చెట్లు కొట్టాలి. పక్క రాష్ట్రంలో శాంతి పోతే ఈ రాష్ట్రంలో అడవి పోయింది. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు షెడ్యూల్డ్ తెగ. తెలంగాణలో ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దాదాపు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. నిజంగా పెద్ద పని. ఆ జాబితాలో వీళ్లు లేరు. అంతకుముందు ఏడాది, 2022 నవంబరు 22న, చండ్రుగొండ మండలం అడవిలో ప్లాంటేషన్ మొక్కల దగ్గర జరిగిన గొడవలో గుత్తికోయలు ఒక ఫారెస్టు రేంజి అధికారిని నరికి చంపారు. తన డ్యూటీ తాను చేసుకుంటున్న మనిషి. ఆయన నాటించిన మొక్కలు అడవిని తిరిగి తేవడానికే. చంపినవాళ్లకు శిక్ష పడాల్సిందే, పడింది కూడా. ఆ హత్య జరగగానే గుత్తికోయలను వెళ్లగొట్టాలని ఊరి పంచాయతీయే తీర్మానం చేసింది.

వెళ్లగొడితే ఎక్కడికి పోతారన్నది ఆ తీర్మానంలో లేదు. జుర్మానాలు వాళ్లకూ పడ్డాయి, రశీదులు వాళ్ల గుడిసెల్లోనూ ఉంటాయి. కాకపోతే వాటి మీద తేదీలు 2005 డిసెంబరు 13 తర్వాతవి.